కేబుల్ తీసేసి ఓటీటీలతోనే సరిపెట్టుకోవచ్చా? ఒక కేబుల్ ఆపరేటర్ జవాబు

అడిగిన ప్రశ్న ఇదీ: "మేం కూకట్‌పల్లిలో ఉంటాం. ఇంట్లో అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప. కేబుల్‌కి నెలకు 380, వైఫైకి వేరే, పైన నాలుగు ఓటీటీలు. కేబుల్ ఎవరూ చూడట్లేదు, తీసేద్దామంటే అమ్మ వద్దంటోంది. తీసెయ్యొచ్చా? టీవీ చూసే అలవాటు అన్ని ఇళ్ళలోనూ ఇలాగే మారిందా, మా ఇంట్లోనేనా?"

ముందే చెప్పేస్తాను, నేను కేబుల్ ఆపరేటర్ని. తెనాలి దగ్గర ఒక చిన్న టౌన్లో 1996 నుంచి ఇదే పని. "ఉంచండి" అంటే నా వ్యాపారం కోసం అంటున్నానని మీరు అనుకోవచ్చు. అయితే ఇప్పుడు నా రాబడిలో సగానికి పైగా ఇంటర్నెట్ కనెక్షన్ల మీదే వస్తోంది. జనం కేబుల్ తీసేసి రాత్రంతా ఓటీటీ చూసినా నాకొచ్చే నష్టం తక్కువే. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

మీ ప్రశ్నలో ఒక తమాషా ఉంది. "కేబుల్ ఎవరూ చూడట్లేదు" అన్నారు. ఆ వెంటనే "అమ్మ వద్దంటోంది" అన్నారు. ఆ "ఎవరూ"లో అమ్మగారు లేరన్నమాట. తప్పు పట్టట్లేదు, ఈ మాట నేను చాలా ఇళ్ళలో వింటున్నాను. బాక్సు వెనక్కి ఇచ్చేస్తామని కొడుకు ఫోన్ చేస్తాడు. నేను వెళ్తే వాళ్ళమ్మ వాకిట్లోనే ఆపి, "వాడి మాటకేం గానీ, నువ్వు వైరు కొయ్యకు నాయనా" అంటుంది.

అలవాటు మారిందా అంటే, మారింది. నాకు టీఆర్పీ మీటర్లు అక్కర్లేదు, నా ఫోనే మీటరు. 2005 ప్రాంతంలో రాత్రి ఎనిమిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య కరెంటు హెచ్చుతగ్గులకి సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ ఒకటి కాలిపోయిందంటే ల్యాండ్‌లైన్ ఆగకుండా మోగేది. నేను స్కూటర్ తీసేలోపు వీధి చివర పదిమంది నిలబడి ఉండేవాళ్ళు, సీరియల్ పోతోందని. అదే మధ్యాహ్నం మూడింటికి లైన్ పోతే సాయంత్రం దాకా అడిగేవాళ్ళు లేరు.

ఈ మధ్య ఒక సాయంత్రం ఏడింటికి గడ్డి లారీ తగిలి మా మెయిన్ ఫైబర్ తెగిపోయింది. ఇప్పుడు చాలా ఇళ్ళకి టీవీ, నెట్ రెండూ ఒకే ఫైబర్ మీద వెళ్తాయి కాబట్టి రెండూ ఒకేసారి పోయాయి. మా కుర్రాడు తెగిన ఫైబర్ అతికించే స్ప్లైసింగ్ మిషన్ పట్టుకుని స్తంభం ఎక్కి గంటన్నర కూర్చున్నాడు. ఆ గంటన్నరలో నాకు యాభై దాకా ఫోన్లు వచ్చాయి. "టీవీ రావట్లేదు" అన్నవాళ్ళు పదిమంది లోపే. వాళ్ళలో ఒకాయన సెలూన్ నడుపుతాడు, మిగతా అందరూ యాభై దాటిన ఆడవాళ్ళు. తక్కిన ఫోన్లన్నీ "నెట్ పోయింది అన్నా" అనే. వాళ్ళలో సగం మంది ఆ టైమ్‌లో టీవీ ముందే ఉన్నారు, అదీ అయిదు పదుల అంగుళాల టీవీల ముందు. టీవీ పెద్దదైంది, చూసే సమయం కూడా తగ్గినట్టు నాకు అనిపించదు. అందులోకి బొమ్మ వచ్చే దారి మారింది.

ఫోన్లు వచ్చే వేళ కూడా మారింది. ఇప్పుడు నాకు ఎక్కువ కంప్లయింట్లు రాత్రి పదిన్నర తర్వాత వస్తాయి. గురువారం రాత్రి అయితే మరీను. పన్నెండు కొట్టగానే కొత్త సినిమా ఓటీటీలో పడుతుంది, అప్పుడు బఫర్ అయితే ఊరుకోరు.

ఇదంతా ఎప్పుడు మొదలైందని అడిగితే అందరూ 2016 సెప్టెంబర్లో జియో రావడం గురించో, 2020 లాక్‌డౌన్ గురించో చెప్తారు. రెండూ నిజమే. మా ఆంధ్రా వైపు ఇంకో కారణం ఉంది. నెలకి 149 రూపాయలకే టీవీ, నెట్, ఫోన్ అంటూ ప్రభుత్వ ఫైబర్‌నెట్ వచ్చింది, 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి కోవింద్ గారు ప్రారంభించారు. పల్లెల్లోకి కూడా ఫైబర్ వెళ్ళింది. కానీ నా లెక్కలో అసలు మలుపు 2019 ఫిబ్రవరి. దాని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

అప్పటిదాకా మా ఊళ్ళో కేబుల్ అంటే నెలకి ఒక మొత్తం, అన్ని ఛానెళ్ళూ వచ్చేవి. ఏ ఛానెల్‌కి ఎంత అని ఎవరికీ తెలీదు, నాకూ సరిగ్గా తెలీదు. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ (ఫోన్, టీవీ సేవలకి రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ) కొత్త టారిఫ్ అమలు చేసింది. వంద ఛానెళ్ళ దాకా నెట్‌వర్క్ ఫీజు 130, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 153 రూపాయల 40 పైసలు. ఆపైన ఏ పే ఛానెల్ కావాలంటే దాని రేటు విడిగా కట్టాలి. బొకేలో, అంటే కొన్ని ఛానెళ్ళు కలిపి అమ్మే ప్యాక్‌లో, పెట్టే ఛానెల్ రేటు 19 దాటకూడదని రూల్ పెట్టడంతో పెద్ద పెద్ద ఛానెళ్ళన్నీ వరసగా 19 దగ్గరే వచ్చి కూర్చున్నాయి. జనం చేతికి ఫారాలిచ్చి టిక్కులు పెట్టమన్నాం.

ఆ నెల రోజులు నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఒకింట్లో ఒకావిడ ఫారం నేల మీద పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, కూరగాయల లెక్క చూసినట్టు ఒక్కో పేరు మీద పెన్ను ఆనించి, "ఇది మనం చూస్తామా?" అని మొగుణ్ణి అడుగుతోంది. ఆయన "ఎప్పుడన్నా చూస్తాం కదే" అంటే, "ఎప్పుడన్నాకి పందొమ్మిది రూపాయలా?" అని కొట్టేస్తోంది. ఇరవై మూడేళ్ళ సర్వీసులో ఒక ఛానెల్ గురించి జనం అలా ఆలోచించడం నేను చూడటం అదే మొదలు. ఇది నాకు కావాలా, దీనికింత పెట్టొచ్చా అని విడివిడిగా అడుక్కోవడం ఒకసారి అలవాటైతే, ఓటీటీకి డబ్బు కట్టడం వింతగా అనిపించదు. సరిగ్గా ఆ మార్చిలోనే హాట్‌స్టార్ ఏడాదికి 365 రూపాయల ప్లాన్ తెచ్చింది. రోజుకి రూపాయి. క్రికెట్ వస్తుంది, పైగా స్టార్ ఛానెళ్ళ సీరియల్ రాత్రి టీవీలో పడేది పొద్దున ఆరింటికే చూసెయ్యొచ్చు. కేబుల్ బిల్లు చూసి గొణుక్కుంటున్న వాళ్ళకి అది ఎలా కనబడి ఉంటుందో ఊహించుకోండి.

తర్వాత లాక్‌డౌన్. థియేటర్లు మూతబడ్డాయి, 2020 ఉగాదికి తెలుగు ఓటీటీ ఆహా వచ్చింది, కొత్త సినిమాలు నేరుగా ఓటీటీలో పడ్డాయి. అదే సమయంలో దూరదర్శన్ పాత రామాయణం మళ్ళీ వేస్తే దేశమంతా కూర్చుని చూసింది. అంటే రెండు అలవాట్లూ ఒకేసారి పెరిగాయి. లాక్‌డౌన్ పోయాక వాటిలో ఒకటే మిగిలింది. డబ్బు కట్టే డీటీహెచ్ కనెక్షన్లు 2023 మార్చికి 6.5 కోట్లుంటే, 2025 మార్చి నాటికి 5.7 కోట్లకి పడిపోయాయని ట్రాయ్ లెక్కలే చెప్తున్నాయి. పోయినవాళ్ళందరూ ఓటీటీకి వెళ్ళలేదు లెండి. డబ్బు కట్టక్కర్లేని డీడీ ఫ్రీ డిష్‌కి వెళ్ళినవాళ్ళూ చాలామంది ఉన్నారు. అయితే దాంట్లో హిందీ వాళ్ళకి ఉన్నంత సరుకు తెలుగు వాళ్ళకి లేదు, అందుకే మన వైపు దాని జోరు తక్కువ.

ఇక నాకు అన్నిటికంటే పెద్దదిగా కనబడే మార్పు చెప్తాను. కేబుల్ ఇంటికి ఇచ్చే కనెక్షన్. ఓటీటీ మనిషికి ఇచ్చే కనెక్షన్. మీ ఇంట్లో గొడవ కూడా అక్కడి నుంచే వస్తోంది.

వెనకటికి ప్రతి ఇంట్లో గుమ్మం పక్కన మేకుకి మా కార్డు వేలాడుతూ ఉండేది. నెలకొక గడి. మా కలెక్షన్ కుర్రాడు వెళ్తే ఇంట్లో ఎవరుంటే వాళ్ళు డబ్బులిచ్చేవాళ్ళు, వాడు గడిలో సంతకం పెట్టేవాడు. ఆ బిల్లు పాల బిల్లు లాంటిది, ఫలానా వాళ్ళదని ఉండేది కాదు. ఉన్నది ఒక్క టీవీ, ఒక్క రిమోట్. అది ఎవరి చేతిలో ఉందన్నదే ఇంట్లో పెద్ద తగువు. ఓటీటీ తెరవగానే మొదట అడిగే ప్రశ్న "ఎవరు చూస్తున్నారు?" అని. పేరు పేరుకీ ఒక ప్రొఫైల్. నెట్‌ఫ్లిక్స్‌లో 149 మొబైల్ ప్లాన్ తీసుకుంటే అది పెద్ద టీవీలో రానే రాదు, ఫోన్లో ఒక్కరే చూసుకోవాలి. మీ పాప ప్రొఫైల్లో ఏముందో మీ అమ్మగారికి తెలీదు. మీరు అర్ధరాత్రి చూసే మలయాళం థ్రిల్లర్ సంగతి మీ నాన్నగారికి తెలీదు. పొద్దున్నే కాఫీ దగ్గర మాట్లాడుకోవడానికి నలుగురూ చూసినదంటూ ఒకటి ఉండదు.

ఈ కంపెనీలు కుటుంబానికి చెప్పే అర్థం కూడా వేరు. 2023 జులైలో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో పాస్‌వర్డ్ పంచుకోవడం ఆపించింది. ఒక అకౌంట్ ఒక ఇంటికే అంది. ఇల్లంటే ఒకే వైఫై కింద ఉన్నవాళ్ళని వాళ్ళ ఉద్దేశం. మన లెక్కలో బెంగళూరులో ఉన్న తమ్ముడూ ఇంటివాడే, సత్తెనపల్లిలో ఉన్న అక్కా ఇంటిమనిషే, బావగారి సంగతి చెప్పక్కర్లేదు. మా మేనల్లుడు వాళ్ళ కాలేజీ హాస్టల్లో లాగిన్ పోయిందని నాకు ఫోన్ చేసి, "మావయ్యా, మనం ఫ్యామిలీ కాదంట" అన్నాడు.

సీరియళ్ళ సంగతి చూడండి. ఇదివరకు ఏడున్నరకి సీరియల్ అంటే ఏడుంపావుకి కుక్కర్ దించాలి. వంట, పిల్లల చదువు, భోజనాలు అన్నీ ఆ టైమ్ చుట్టూ తిరిగేవి. ఇప్పుడు మా ఆవిడ పొద్దున ఆరింటి ఎపిసోడ్‌ని మధ్యాహ్నం ఫోన్లో చూస్తుంది, అదీ దూకించుకుంటూ. ఒకావిడ ఏదో చెప్పబోతుంటే మిగతా ముగ్గురి మొహాలు మూడేసి సార్లు ఉరుముతో చూపిస్తారే, అదంతా తీసేస్తే ఇరవై నిమిషాల ఎపిసోడ్ పది నిమిషాల్లో అయిపోతుంది. సాయంత్రం మా అమ్మ అదే ఎపిసోడ్ టీవీలో పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంటే, వంటింట్లోంచి మా ఆవిడ "ఏం కాదు లెండత్తయ్యా, ఆ అమ్మాయి బతుకుతుంది" అంటుంది. మా అమ్మకి పట్టరాని కోపం. ఇద్దరూ ఒకే సీరియల్ చూస్తున్నారు, ఒకే ఇంట్లో ఉన్నారు, కలిసి మాత్రం చూడట్లేదు.

ఇంకోటి కూడా పోయింది. సినిమాని మధ్యలోంచి చూడటం. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి టీవీ పెడితే ఏదో సినిమా ఇంటర్వెల్ దగ్గర ఉండేది. హీరో ఎందుకు జైల్లో ఉన్నాడో తెలీకపోయినా కూర్చునిపోయేవాళ్ళం. పది నిమిషాల్లో ఇంట్లో ఎవరో ఒకరు కథ అందించేవాళ్ళు. నేను చాలా సినిమాల మొదటి సగం ఇప్పటికీ చూడలేదు. మా అమ్మాయి సినిమా మధ్యలో ఉంటే అసలు కూర్చోదు, "మొదట్నుంచి పెట్టు నాన్నా" అంటుంది. కేబుల్లో సినిమా బాగాలేకపోతే తిట్టడానికి ఛానెల్ వాడు ఉండేవాడు. ఓటీటీలో బాగాలేకపోతే "ఎవరు పెట్టారు ఇది?" అంటారు. ఆ భయానికే అన్నం చల్లారేదాకా రిమోట్ నొక్కుతూ కూర్చుంటారు.

సినిమాల వ్యాపారమే తలకిందులైంది. 2020 ఆగస్టులో జెమిని టీవీలో ఒక పెద్ద సినిమాకి 29.4 రేటింగ్ వచ్చింది, అప్పటికే అది ఓటీటీలో ఉన్నా కూడా. ఇప్పుడు పెద్ద హీరో సినిమాకైనా అందులో సగం వస్తే పండగ చేసుకుంటున్నారు. థియేటర్లో వచ్చిన నాలుగు వారాలకే ఓటీటీలో పడుతుంటే టీవీలో పండక్కి వేసేసరికి కొత్తదనం ఎక్కడుంటుంది? 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపుకుని కూర్చుని, ఓటీటీలో వెయ్యడానికి ఎనిమిది వారాల గడువు ఉండాలనుకున్నారు. ఆ మాట ఎంతవరకు నిలిచిందో మీకు తెలిసిందే. ఒక్క విషయం గమనించాను. 2025 సంక్రాంతికి వచ్చిన పెద్ద హిట్‌ని మార్చి 1 సాయంత్రం ఆరింటికి జీ తెలుగులోనూ జీ5లోనూ ఒకే క్షణంలో వేశారు. ఆ సాయంత్రం మా ఊళ్ళో చాలా ఏళ్ళ తర్వాత పాత రోజులు కనబడ్డాయి. వీధిలో నడుస్తుంటే ప్రతి ఇంట్లోంచీ ఒకే డైలాగు వినబడింది. ఇళ్ళ నుంచి సినిమా వినబడుతూ వెంట రావడం నేను మర్చిపోయి ఎన్నాళ్ళో అయింది.

క్రికెట్ గురించి మా నాన్న ఉన్నట్టయితే ఇక్కడ పది పేజీలు రాసేవాడు. నేను ఒక్క సంగతి చెప్తాను. 2023 నవంబర్ 19 వరల్డ్ కప్ ఫైనల్ హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. ఆ రోజు మా ఇంట్లో హాల్లో కేబుల్, పైన గదిలో మా అబ్బాయి స్మార్ట్ టీవీలో ఓటీటీ. కింద మేం అయ్యో అని తల పట్టుకున్నాక అరనిమిషానికి పైన వాడు అయ్యో అనేవాడు. సిగ్నల్‌ని చిన్న చిన్న ముక్కలు చేసి నెట్ మీద పంపి, మీ టీవీలో కొన్ని ముక్కలు పోగయ్యాక చూపిస్తారు కాబట్టి ఆ ఆలస్యం తప్పదు. కేబుల్ వాళ్ళింటి పక్కనే ఓటీటీ పెట్టుకుంటే సిక్స్ కొట్టిన సంగతి గోడ అవతలి కేకల్లోంచి ముందే తెలిసిపోతుంది. మీ నాన్నగారు క్రికెట్ చూసేవాళ్ళయితే ఇది చిన్న విషయం అనుకోకండి.

ఐపీఎల్ 2023, 2024లో జియో సినిమాలో ఉచితం. 2024 నవంబర్లో జియో సినిమా, హాట్‌స్టార్ నడిపే కంపెనీల వ్యాపారాలు కలిశాయి, 2025 ఫిబ్రవరిలో రెండు యాప్‌లూ కలిసి జియో హాట్‌స్టార్ అయ్యాయి. ఉచితం పోయి డబ్బులు కట్టే పద్ధతి వచ్చింది. ప్రైమ్ వాడు 2025 జూన్ నుంచి యాడ్స్ మొదలుపెట్టి, అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699 కట్టమన్నాడు. "యాడ్స్ లేకుండా చూడొచ్చని ఓటీటీకి వెళ్ళాం" అన్నవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. మేం 2000లో కనెక్షన్లు పెంచుకోవడానికి మొదటి రెండు నెలలు ఉచితం అనేవాళ్ళం. ఎత్తు అదే, ఆడేవాళ్ళు పెద్దవాళ్ళు.

యూట్యూబ్‌ని ఎవరూ ఓటీటీ కింద లెక్కెయ్యరు గానీ, మా కేబుల్‌ని ఎక్కువ తిన్నది అదే. వార్తా ఛానెళ్ళన్నీ అందులో లైవ్ వస్తాయి. గురువారం రాత్రి కామెడీ షో కోసం ఎదురుచూసినవాళ్ళు ఇప్పుడు కావలసిన స్కిట్ ఒక్కటీ ముక్కగా చూసి వదిలేస్తారు. మా ఊరి పిల్లలు అమెరికాలో ఉన్నా తెలుగు ఛానెళ్ళకి లోటు లేదు. అట్లాంటాలో 2006లో మనవాళ్ళే పెట్టిన యప్ టీవీ ఉండనే ఉంది. ఆరు నెలలకని కొడుకు దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న వీసా గురించి కాదు, అక్కడ సీరియల్ వస్తుందా అని.

ఇక మీ లెక్కలోకి వద్దాం. 380 అంటే ఏడాదికి 4,560. మీ అమ్మగారిని కూర్చోబెట్టి ఏ ఛానెళ్ళు చూస్తారో అడగండి. మహా అయితే మూడో నాలుగో చెప్తారు, నాకు తెలుసు. ఇప్పుడున్న బొకే మొత్తం తీసేయించి నెట్‌వర్క్ ఫీజు 130, 19 చొప్పున మూడు ఛానెళ్ళు, జీఎస్టీ కలిపితే 221 లోపు అవుతుంది. 2024లో నెట్‌వర్క్ ఫీజుకి పై పరిమితి తీసేశారు కాబట్టి మీ ఆపరేటర్ దగ్గర కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. విడి ఛానెళ్ళంటే అతను మొహం ముడుచుకుంటాడు, బొకే మీదే మాకు కాస్త మిగులుతుంది కదా. అయినా అడగండి, ఇవ్వనని చెప్పే హక్కు అతనికి లేదు.

తర్వాత నాలుగు ఓటీటీల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన గత నెలలో దాన్ని చూసిన మనిషి పేరు రాయండి. పేరు దొరకనిది ఆపేయండి. నాలుగూ పన్నెండు నెలలూ ఉండనక్కర్లేదు. ఒక నెల ఒకటి తీసుకుని, చూడాలనుకున్నవి చూసి ఆపేసి, వచ్చే నెల ఇంకోటి. మేం కేబుల్‌తో ఈ సౌకర్యం ఎప్పుడూ ఇవ్వలేదు, ఓటీటీకి ఉన్న అసలు లాభం ఇదే. జనం వాడుకోరు, అంతే.

వాడుకోకపోవడానికి కారణం ఆటోపే. రిజర్వ్ బ్యాంకు రూల్ ప్రకారం డబ్బు కోసుకునే ముందు 24 గంటల ముందే మీకు మెసేజ్ రావాలి, వస్తుంది కూడా. లోన్ మెసేజ్‌లు, ఓటీపీల మధ్య దాన్ని చూసేదెవరు? పోయినేడు ఒక ఓటీటీని (పేరెందుకు లెండి) మా అమ్మాయి ఒక్క సినిమా కోసం పెట్టింది. నెల ప్లాన్ అనుకుని నొక్కింది, అది ఏడాది ప్లాన్. ఆ సినిమా తప్ప మేం అందులో మరోటి చూడలేదు. ఏడాది తర్వాత మళ్ళీ అంతా కోసుకున్నాకే నాకు తెలిసింది. ఊళ్ళో అందరి బిల్లులూ గుర్తుండే వాణ్ణి, నా బిల్లు నాకు తెలీలేదు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఒక చోటు ఉంటుంది. అందులోకి వెళ్తే ఎవరెవరికి అనుమతి ఇచ్చారో అంతా కనబడుతుంది, అక్కడే ఆపేయొచ్చు. కార్డు మీద పెట్టినవి బ్యాంకు యాప్‌లో చూడాలి. ఓటీటీ యాప్‌ని ఫోన్లోంచి తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు, చాలామంది ఈ పొరపాటు చేస్తారు.

అలాగే మీ వైఫై ప్లాన్, మీ ఫోన్ రీచార్జ్, మీ ఆవిడ ఫోన్ రీచార్జ్, ఈ మూడిటిలో ఏ ఓటీటీలు కలిపి ఇస్తున్నారో చూడండి. ఒకే ఓటీటీకి మూడు దారుల్లో డబ్బు కడుతున్న ఇళ్ళు నాకు నెలకి రెండైనా తగుల్తాయి. అయితే రీచార్జ్‌తో వచ్చేది చాలాసార్లు మొబైల్ వరకే పనిచేస్తుంది, టీవీలో రావాలంటే ప్లాన్ పేరు సరిచూసుకోవాలి.

స్పీడ్ గురించి ఎక్కువ ఖర్చు పెట్టకండి. హెచ్‌డీ బొమ్మకి 5 ఎంబీపీఎస్, 4కే బొమ్మకి 15 చాలు. గంటకి హెచ్‌డీ అయితే 3 జీబీ, 4కే అయితే 7 జీబీ దాకా తింటుంది. మీ అయిదుగురికి 50 ఎంబీపీఎస్ ప్లాన్ దండి. బఫర్ అవుతోందంటే పదింట తొమ్మిదిసార్లు తప్పు రౌటర్ పెట్టిన చోటుది. షో కేసులో టీవీ వెనక దాచేస్తారు, బయటికి తీసి ఎత్తులో పెట్టండి.

అమ్మగారి విషయంలో ఒక్క మాట. సీరియల్ అన్నీ ఓటీటీలో ఉన్నాయి కదా, నేర్పిస్తే సరిపోతుంది అనుకుంటున్నారేమో. రిమోట్ ఒకసారి ఆవిడ చేతిలో పెట్టి చూడండి. కేబుల్ రిమోట్‌లో మూడంకెలు నొక్కితే ఛానెల్ వస్తుంది. ఆవిడకి అంకెలు కంఠతా వచ్చు, వేలికి దారి తెలుసు, కళ్ళజోడు కూడా అక్కర్లేదు. ఓటీటీలో యాప్ వెతకాలి, ప్రొఫైల్ నొక్కాలి, సీరియల్ వెతకాలి, ఈ రోజు ఎపిసోడ్ ఏదో చూడాలి, మధ్యలో అప్‌డేట్ అడిగితే ఏం నొక్కాలో తెలీక మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా టీవీ కట్టేసి కూర్చోవాలి. "నాకొద్దులే, పడుకుంటాను" అని ఆవిడ అంటే సర్దుకున్నారని మీరు అనుకుంటారు.

కాబట్టి బాక్సు వెనక్కి ఇవ్వకండి. ప్యాక్ తగ్గించండి. రెండు నెలలు వాయిస్ బటన్‌తో ఓటీటీలో సీరియల్ పెట్టుకోవడం మీ పాప చేత నేర్పించండి, ఈ పని మీకంటే తనకే బాగా వస్తుంది. అప్పుడు ఆవిడే "ఆ డబ్బా దండగరా" అంటే ఆపరేటర్‌కి చెప్పి ఆ కనెక్షన్‌ని తాత్కాలికంగా ఆపించండి, పండగలకో క్రికెట్‌కో కావాలంటే మళ్ళీ తెరిపించుకోవచ్చు. అమ్మగారు చూసే ఆ మూడు నాలుగు ఛానెళ్ళ పేర్లు కింద రాస్తే నెలకి ఎంతవుతుందో పైసలతో సహా లెక్కగట్టి చెప్తాను.